పప్పు లారీలో వెళ్లిన పాఠాలు

టీచరమ్మ పోయిందని వికారాబాద్ నుంచి వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నాకంటే పన్నెండేళ్లు చిన్నది. పొద్దున టీ తాగుతూ గుండె పట్టుకుందట, ఆసుపత్రి గేటు దాకా కూడా ఆగలేదట. పిల్లల్ని వరసలో నిలబెట్టడం తప్ప వేరే ధ్యాస లేని మనిషి, తన వంతు వచ్చేసరికి వరస తప్పించుకుని నా ముందుకు దూరింది.

తాండూరులో మా మేడ మీది వాటాలో ఎనిమిదేళ్లు అద్దెకుంది. పెద్దేముల్ దాపున ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాలకు పెద్ద టీచరు. రొట్టె నిలబడే తినేది. కూర్చోమంటే, కూర్చున్నాక మళ్లీ లేవాలి కదా అనేది. మాది కందిపప్పు వ్యాపారం. పెళ్లికి ముందు నేను హైదరాబాదులో డిగ్రీ చదివానన్న సంగతి మా ఇంట్లో అందరూ మర్చిపోయారు. ఆమె ఒక్కతే మర్చిపోలేదు. పరీక్షల కాలంలో తెలుగు పేపర్ల కట్ట తెచ్చి నా ఒళ్లో పడేసి, దిద్దిపెట్టమని వెళ్లిపోయేది. అడగడం ఆమెకు తెలియదు, అప్పజెప్పడమే తెలుసు.

కరోనా వచ్చి బడి మూసినప్పుడు ఇక ఇంటిపట్టున ఉంటుందనుకున్నాను. మా ఆయనకు ఉబ్బసం. ఆమె రోజూ స్కూటీ వేసుకుని ఊరు తిరిగి రావడం నాకు కంటగింపుగా ఉండేది. బడి బియ్యం ఇంటింటికీ చేరాయా, ఎవరింట్లో టీవీ ఉంది, పాఠం వచ్చే వేళకు ఏ పిల్ల ఎక్కడ కూర్చుంటోంది, ఇదే ఆమె లెక్క. చదువురాని తల్లుల్ని కూర్చోబెట్టి, మీకు రాకున్నా పర్వాలేదు, పిల్ల చదువుతుంటే పక్కన కూర్చుని వినండి చాలు అని చెప్పేది. ఒకరోజు నేను మెట్ల కిందే అడ్డం నిలబడి, తిరగడం మానండి, లేదా వాటా ఖాళీ చేయండి అన్నాను. ఆమె మాస్కు సర్దుకుని, రేపటి నుంచి వెనక మెట్ల మీద ఎక్కుతానంది. ఎక్కింది కూడా. అంతే తప్ప మానలేదు.

ఆ ఏడాది చలికాలం వచ్చింది, బడి తెరవలేదు. ఐదో తరగతి పిల్ల మల్లేశ్వరిని వాళ్ల నాయన గొర్రెల మంద వెంట తీసుకుపోతున్నాడని ఆమెకు తెలిసింది. కంది కోతలయ్యాక ఆ కుటుంబం మందను తోలుకుని కర్ణాటకలోని చించోళి వైపు పోతుంది, మళ్లీ తొలకరికే తిరిగి రావడం. పిల్ల అక్క కూడా అంతకు ముందు అట్లాగే ఒక్క ఏడాదికని పోయింది, తిరిగి బడి మెట్లెక్కలేదు, పెళ్లయి వెళ్లిపోయింది. టీచరమ్మకు ఆ పెద్దపిల్ల పేరు హాజరు పట్టీలో కొట్టేసిన రోజు ఇంకా గుర్తుంది. అందుకే ఈ పిల్ల సంగతి విన్న రాత్రి రొట్టె ముట్టలేదు.

మర్నాడు వాళ్ల నాయనను మా ఇంటికే రప్పించింది. అతను కంది బస్తాల పక్కన నిలబడి చెప్పాడు, "బడే లేదు గద టీచరమ్మా. తల్లి నాతోనే వస్తది. పిల్లను ఒక్కదాన్ని ఎవలింట్ల ఇడిసిపెట్టమంటవ్?"

అందులో తప్పు పట్టడానికేం లేదు. ఆమె కూడా పట్టలేదు. తీసుకుపొమ్మంది. పాఠాలు తాను పంపుతానంది. ఎట్లా పంపుతుందో మాకెవరికీ తెలియదు, బహుశా అప్పటికి ఆమెకూ తెలియదు. కాసేపటికి మా ఆయన వైపు తిరిగి, మీ పప్పు లారీ ఆ రోడ్డున వారం వారం పోతది గదా అని అడిగింది.

ఏర్పాటు ఇదీ. మంద మేసే దారిలో మా పప్పు తీసుకునే కిరాణా కొట్టు ఒకటుంది. పిల్ల నాయన ఉప్పుకూ బెల్లానికీ అక్కడికే వస్తాడు. లారీలో ఒక కాగితాల కట్ట పోతుంది, పిల్ల రాసిన కట్ట తిరుగు లారీలో వస్తుంది. లెక్కలన్నీ మంద లెక్కలే. ఎన్ని ఈనాయి, ఎన్ని పిల్లలు బతికాయి, నిన్నటి చేను నుంచి నేటి చేనుకు ఎంత నడిచారు. తెలుగు ప్రశ్నలు నావి. యాభై ఏళ్లు పప్పు తప్ప మరొకటి ఎగుమతి చేయని మా ఆయన, బస్తాలకంటే ముందు ఆ కట్ట సంగతే డ్రైవర్‌కు చెప్పేవాడు.

పిల్ల నాయన మాత్రం పోయే ముందు ఒక షరతు పెట్టాడు. "అది రాసినన్ని దినాలు నేను అడ్డం రాను. రెండు వారాలు వరసగ కట్ట రాకుంటె ఇగ బడి మాట ఎత్తొద్దు."

టీచరమ్మ సరేనంది. నాకు ఒళ్లు మండింది. అంత మాటకు ఒప్పుకుంటారా అని అడిగితే, ఆ పిల్ల రాస్తుంది, మీకు తెలియదు అంది.

మూడు నెలలు కట్టలు తప్పకుండా వచ్చాయి. తర్వాత రెండో వేవ్ వచ్చింది. టీచరమ్మకు జ్వరం పట్టి మేడ మీద గదిలో తలుపేసుకుంది. సరిగ్గా ఆ వారమే కట్ట రాలేదు. కొట్టతనికి జబ్బు చేసిందని డ్రైవర్ చెప్పాడు. రెండో వారం కూడా ఖాళీ చేతులతో వచ్చాడు. మంద వాళ్ల ఫోను కలవలేదు.

తలుపు ముందు స్టూలు మీద జావ పెట్టి దూరంగా నిలబడ్డాను. లోపలి నుంచి అడిగింది, "పెద్దమ్మా, కట్ట వచ్చిందా?"

"వచ్చింది."

"ఎన్ని తప్పులున్నయి?"

"రెండు."

దగ్గు. చాలాసేపు దగ్గు. ఆ తర్వాత, "అబద్ధం. భాగహారంల అది ఎన్నడు రెండిటితోటి ఆగలే."

ఆమె జావ ముట్టలేదు. ఆ రాత్రి ఆక్సిజన్ కోసం మా ఆయన ఎన్ని ఫోన్లు చేశాడో చెప్పను, మీరందరూ చేసే ఉంటారు.

మూడో వారం లారీలో ఒక గోనెసంచి వచ్చింది. విప్పితే పసుపు వాసన, కారం ఘాటు. నలిగిన కాగితాలు, నూనె మరకలు, కొన్ని సగం చిరిగినవి. కొట్టతను పడకేసినప్పుడు గల్లా మీద కూర్చున్న వాళ్ల అన్న, మేం పంపిన కట్టల్ని చిత్తు కాగితాలనుకుని పొట్లాలు కట్టేశాడట. మల్లేశ్వరి నాయన తెచ్చిన బెల్లం పొట్లం మీద టీచరమ్మ చేతిరాత ఉంది. పిల్ల అది చూసి కొట్టుకు పోయి మిగిలిన పొట్లాలు విప్పించుకుంది. అమ్ముడుపోయిన వాటి కోసం ఆ ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి, వాళ్ల పసుపు వాళ్ల డబ్బాల్లో పోసి, కాగితాలు అడిగి తెచ్చుకుంది. కన్నడంలో ఎట్లా అడిగిందో నాకిప్పటికీ తెలియదు. ప్రతి కాగితం మీదా లెక్క చేసి ఉంది.

సంచి తలుపు సందులోంచి లోపలికి తోశాను. చాలాసేపు కాగితాల చప్పుడే. తర్వాత గొంతు వినిపించింది.

"తప్పులు ఏడు."

జావ గిన్నె ఖాళీగా బయటికి వచ్చింది.

కానీ రెండు వారాలూ దాటిపోయాయి. షరతు షరతే. ఆ మాట మేమిద్దరం పైకి అనలేదు. తొలకరి దాకా ఆమె కోలుకోవడమూ, నేను లోలోపల ఆ నాయనకు జవాబులు తయారుచేసుకోవడమూ సాగింది. తీరా మంద వస్తోందని తెలిసిన రోజు మా కార్లోనే ఊరికి పోయాం. నేను దాచుకున్న జవాబులు ఒక్కటీ అక్కర పడలేదు. అతను మా దగ్గరికి వచ్చి ఒకటే మాటన్నాడు. "ఆరో తరగతిల చేర్చే కాగితాలు ఎక్కడ రాయాలె, టీచరమ్మా?"

మల్లేశ్వరి ఇప్పుడు తాండూరులో ఇంటర్ చదువుతోంది. టీచరమ్మ పోయిన కబురు నేనే చెప్పాను. ఆమె దిద్దిన కాగితాలన్నీ తన దగ్గరే ఉన్నాయంది, తెచ్చివ్వాల్నా అని అడిగింది. నీ దగ్గరే ఉంచుకో అన్నాను.

నాకు మాత్రం మంద తిరిగొచ్చిన ఆ సాయంత్రమే కళ్లకు కడుతోంది. పిల్ల నాయన ఇంకా మా దాకా రాలేదు, ఏమంటాడో తెలియదు. సన్నటి ముసురు. టీచరమ్మ కారు దిగి, చిక్కిపోయిన కాళ్ల మీద రోడ్డు మధ్యకు నడిచి నిలబడింది. మంద ఆమె దాకా వచ్చి రెండు పాయలుగా చీలి, తడి ఉన్నితో ఆమె చీర కుచ్చిళ్లను రాసుకుంటూ పోతోంది. ఆమె కదల్లేదు. గొర్రెలన్నిటి వెనక, దూరంగా, గొంగళ్లు కప్పుకుని ముగ్గురు వస్తున్నారు. అందులో పొట్టిది పరుగెత్తడం మొదలుపెట్టింది.