సంపూర్ణమ్మ గారి చాప క్లాసు

ఇప్పుడు ఆ చాప క్లాసుకి పెద్ద పెద్ద పేర్లొచ్చాయి. వర్క్‌షాపులు పెడుతున్నారు, మాడ్యూళ్ళు పంచుతున్నారు, మధ్యాహ్నం బిర్యానీ పొట్లాలు కూడా ఇస్తున్నారు. చదవడం రాని పిల్లల పక్కన టీచరు ఎలా కూర్చోవాలో మాకు నేర్పిన సంపూర్ణమ్మ గారికి మాత్రం అప్పట్లో ఉన్నవి కొన్ని ఈతచాపలు, పటమటలో మా ట్రైనింగ్ స్కూలు వెనక వరండా. అంతే.

పటమట అప్పటికింకా సగం పల్లెటూరు. బందరు రోడ్డు దిగి లోపలికి నడిస్తే ముందు మామిడి తోటలు, ఆ వెనక వరిచేలు. సిటీ బస్సు దిగి, నల్ల గొడుగు వేసుకుని, గంజి పెట్టిన మంగళగిరి నేతచీరలో ఆవిడ గబగబా వస్తుంటే గేటు దగ్గర కబుర్లు చెప్పుకునే ట్రైనింగ్ అమ్మాయిలం ఎవరి క్లాసుకి వాళ్ళం పరిగెత్తేవాళ్ళం. కంకిపాడు అవతల ఒక మాలపల్లెలో పుట్టిన మనిషి. చిన్నప్పుడు బడిలో ఆవిణ్ణి గుమ్మం బయట కూర్చోబెట్టి పాఠం విననిచ్చారట. ‘విన్నాను గానీ పుస్తకం నాకు కనపడేది కాదమ్మాయ్’ అనేవారు, నవ్వుతూనే.

జై ఆంధ్ర ఉద్యమంలో మూతపడ్డ బళ్ళు నెలల తర్వాత తెరుచుకున్నాయి. మా ట్రైనింగ్ స్కూలుకి అనుబంధంగా ఉన్న మోడల్ స్కూల్లో పిల్లలందర్నీ పరీక్ష లేకుండానే పై తరగతికి తోసేశారు. ఇంట్లో పుస్తకాలున్న పిల్లలు ఎలాగో నెట్టుకొచ్చారు. కాలవ గట్టు మీది గుడిసెల నుంచి వచ్చే పిల్లలు ఉన్న నాలుగు ముక్కలూ మర్చిపోయారు. వాళ్ళని ఆఖరి వరసలో కూర్చోబెట్టి ‘మొద్దులు’ అని పేరు పెట్టారు. గుడిసెలో పుట్టడమే ఆ మొద్దుతనానికి అర్హత అని ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది.

సంపూర్ణమ్మ గారు ఊరుకోలేదు. ప్రిన్సిపాల్ వెంకటకృష్ణారావు గారి వెంటపడి మధ్యాహ్నం ఒక గంట సాధించారు. ట్రైనింగులో ఉన్న మేము ఒక్కొక్కరం ఒక్కొక్క పిల్లని చాప మీద పక్కన కూర్చోబెట్టుకుని చదివించాలి. ప్రిన్సిపాల్ గారు ఒక షరతు పెట్టారు. ఏటా వచ్చే డిప్యూటీ ఇనస్పెక్టరు గారి ఎదుట ఆ పిల్లల్లో ఒకరు చదివి చూపిస్తేనే ఆ గంట ఉంటుంది. లేకపోతే మేమంతా మళ్ళీ చార్టులు గీసుకోవాలి, పిల్లలు మళ్ళీ ఆఖరి వరసకు పోవాలి.

మొదటి రోజు ఆవిడ మా చేతుల్లో తలా ఒక అరవ వాచకం పెట్టారు. మేం నవ్వుకున్నాం. బల్ల మీద బెత్తం ఠప్పున పడింది.

“ఏమే, నవ్వుతావేం? చదువు! ఇంకా రాలేదా? ఇంటి దగ్గర ఏం వెలగబెడుతున్నావు? నీ పక్కదాన్ని చూడు, ఎంత బుద్ధిగా ఉందో!”

పక్కదానికీ రాదు. మైలవరం వైపు నుంచి వచ్చిన రావమ్మ అయితే నిజంగానే ఏడ్చేసింది. అప్పుడు బెత్తం పక్కన పడేసి, “ఆ పిల్లలకి రోజూ ఇదే. ఇక మొదలెడదామా?” అన్నారు.

ఆవిడ పద్ధతి చాలా సులువైనది, చాలా ఓపిక కావల్సినది. పిల్ల తన మాటల్లో ఏదో చెబుతుంది. మనం దాన్ని అలాగే పలక మీద రాయాలి. తను చెప్పిందే కాబట్టి పిల్లకి ఆ అక్షరాలంటే భయం ఉండదు. రావమ్మకి తెరేసమ్మ అనే పిల్ల దొరికింది. నాలుగో తరగతి, మహా గడుగ్గాయి. ‘మా అయ్య రిక్షా తొక్కుతాడు. పప్పుండలు తెస్తానని తేలేదు’ అన్నది దాని మొదటి పాఠం. తెలుగు మాస్టారు బసవపున్నయ్య గారు అటుగా వెళుతూ పలక చూసి మొహం చిట్లించారు.

“అయ్య ఏంటమ్మా? తండ్రి అని రాయించండి. పేట భాష బళ్ళోకి తెస్తే ఎట్లా?”

“పిల్లే పేట నుంచి వచ్చింది కదండీ మాస్టారూ, దాని నోరు గేటు దగ్గర వదిలేసి రమ్మంటారా?” అన్నారు సంపూర్ణమ్మ గారు.

మాకు ఆవిడ పదే పదే చెప్పిన మాట ఒకటే. పిల్ల చదువుతుంటే నోటిని కాదు, వేలిని చూడండి. చదివే పిల్లకి వేలూ నోరూ కలిసి నడుస్తాయి. అప్పచెప్పే పిల్లకి నోరు ముందు పరిగెడుతుంది.

ఇనస్పెక్షను దగ్గరపడింది. ఆ డిప్యూటీ ఇనస్పెక్టరు గారికి ఒక అలవాటు ఉండేది. ఏ బడికెళ్ళినా నాలుగో తరగతి వాచకంలో చెరువు పాఠమే తెరిపించేవారు. తాలూకాలో టీచర్లందరికీ ఆ సంగతి తెలుసు. అందుకే అన్ని బళ్ళలోనూ పిల్లలకి చెరువు పాఠం కంఠతా వచ్చేది, ఆయనా సంతోషంగా సంతకం పెట్టి వెళ్ళేవారు. మా దగ్గర మాత్రం ఆ పాఠం వల్లె వేయించొద్దని సంపూర్ణమ్మ గారి ఆర్డరు.

ఆ రోజు రానే వచ్చింది. ఆయన తెరేసమ్మని లేపి చెరువు పాఠం తెరిపించారు. పిల్ల గడగడా అందుకుంది. ఒక్క తప్పు లేదు. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. ప్రిన్సిపాల్ గారి మొహం వెలిగిపోయింది.

“భేష్! చాలా బాగా చదివిందే. మీ క్లాసు కొనసాగించండమ్మా” అన్నారు ఇనస్పెక్టరు గారు.

గంట నిలిచింది. సంపూర్ణమ్మ గారు నమస్కారం పెడితే అక్కడితో అయిపోయేది.

“అయ్యా, ఆ పిల్ల చదవలేదండీ. అప్పచెప్పింది. వేలు ఇంకా మొదటి వరస మీదే ఉంది, చూడండి. మీకు నచ్చిన ఇంకో పాఠం ఇవ్వండి. నిజంగా వచ్చింది చదువుతుంది.”

ఆయన మొహం ముడుచుకుంది. పేజీలు తిప్పి పొలాల పాఠం చూపించారు. తెరేసమ్మ వేలు పెట్టింది. “కా...లవ... నీ...రు...” అని కూడబలుక్కుంది. తర్వాతి మాట తప్పు చదివింది. దిద్దుకుంది. “పొ...లా...ని...కి” దగ్గర ఆగిపోయింది.

“ఏడాదంతా కూర్చోబెట్టి చదివించింది దీనికోసమా?” అని ఆయన లేచారు. ఆ సాయంత్రమే గంట రద్దయింది.

“నోరు మూసుకుని ఉంటే గంట నిలిచేది కదమ్మా!” అన్నారు ప్రిన్సిపాల్ గారు.

“గంట నిలిచేదండీ. పిల్లకి వచ్చిందనుకుని రేపటి నుంచి ఎవరూ నేర్పేవారు కాదు.”

రావమ్మ వరండా మూలన కూర్చుని కుమిలిపోతోంది. రోజూ మధ్యాహ్నం అన్నాల వేళ పిల్లని పక్కకి తీసుకెళ్ళి ఆ పాఠం బట్టీ పట్టించింది తనే. గంట పోకూడదని. ఆ మాట సంపూర్ణమ్మ గారితో చెప్పేసి, తిడతారనుకుంది.

“నీకూ అట్లాగే నేర్పారు, నువ్వూ అట్లాగే నేర్పావు. లే. పిల్ల దగ్గరికెళదాం పద” అన్నారు ఆవిడ.

రావమ్మా, నేనూ ఆవిడ వెంట కాలవ గట్టుకెళ్ళాం. తెరేసమ్మ తల్లి శౌరమ్మ రైస్ మిల్లు నుంచి అప్పుడే వచ్చినట్టుంది, ఒళ్ళంతా తవుడు. మమ్మల్ని చూడగానే లేచింది.

“ఎందుకొచ్చారండీ? అంతమందిలో నా పిల్లని నిలబెట్టి చదవలేదని చెబుతారా? దొరగారు భేష్ అన్నారంట. అది కూడా మాకు దక్కనివ్వరా? ఇక బడీ వద్దు, గిడీ వద్దు.”

సంపూర్ణమ్మ గారు గొడుగు మూసి గుమ్మం ముందు నేల మీదే కూర్చున్నారు.

“నిజమేనమ్మా. దాని చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి చెప్పాల్సింది. అంతమందిలో అన్నాను. నా తప్పే.”

అంత పెద్ద టీచరు ఒక మిల్లు కూలి ముందు ఆ మాట అనడం మేమెప్పుడూ చూడలేదు. లోపల దడి వెనక నుంచి తెరేసమ్మ మొహం బయటపెట్టింది. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

“కాలవ నీరు ముక్క నేనే చదివాను. అది ఎవురూ చెప్పలా.”

“తెలుసు. నీ వేలు చూశాను. ‘పొలానికి’ దగ్గర ఎందుకాగావే?”

“దొరగారు వాచీ చూసుకున్నారు. బయమేసింది.”

శౌరమ్మ కూతురి వంక ఒకసారి, ఆవిడ వంక ఒకసారి చూసింది. “అక్కడ గంట తీసేశారంట కదా. మరి యాడ చెబుతారు?” అంది.

“నువ్వు ఒప్పుకుంటే ఇక్కడే.”

శౌరమ్మ లోపలికెళ్ళి ఒక గోనెపట్టా తెచ్చి గట్టు మీద దులిపి పరిచింది. రావమ్మ వెళ్ళి కూర్చుంది. తెరేసమ్మ కొంచెం దూరంగా కూర్చుంది, ఇంకా కోపంగానే.

“ఏం రాయనే?” అంది రావమ్మ పలక ఒళ్ళో పెట్టుకుని.

తెరేసమ్మ రావమ్మ వైపే గడ్డం ఎత్తింది. “ఈ టీచర్ దొంగది అని రాయి.”

రావమ్మ అక్షరం పొల్లుపోకుండా రాసింది. తెరేసమ్మ దగ్గరకి జరిగి, వేలు పెట్టి, మాట మాటకీ ఆగుతూ, మొత్తం చదివింది.