అరువు జుట్టు

అమీర్‌పేటలో జాకెట్లు కుట్టుకుని బతుకుతున్న నాకు రెండేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ప్రభుత్వ కార్డు మీద పంజాగుట్టలోని ఒక ఆసుపత్రిలో ఉచితంగా మందు ఎక్కించేవారు. మూడోసారి వెళ్లేనాటికి నా జుట్టంతా రాలిపోయింది.

కార్డు నాదేనని తేల్చుకోడానికి కౌంటర్లో అమ్మాయి ఫోన్‌తో నా ముఖం ఫొటో తీసింది. అది కార్డులో ఫొటోతో కలవలేదు.

"తలగుడ్డ తియ్యుండ్రి అమ్మా, జర సీదా చూడుండ్రి" అంది.

అంత పెద్ద వరస ముందు బోడితలతో నిలబడ్డాను. అయినా కలవలేదు.

"మీ మందుకే గద బిడ్డా జుట్టు పోయింది" అన్నాను.

"నాకెరుకే అమ్మా. సిస్టమ్‌కు ఎరుక లేదు గద" అని మందు ఎక్కించకుండానే వెనక్కి పంపేసింది.

మా పక్కింటి యాదగిరన్న సినిమాలకు మేకప్ చేస్తాడు. సంగతి విని మర్నాడు ఒక విగ్గు తెచ్చాడు. "నీ కార్డు ఫొటోల ఉన్నట్టే నడుమ పాపిట తీసిన చెల్లె" అంటూ తనే సర్దాడు. అది పెట్టుకుని వెళితే ఫోన్ వెంటనే ఒప్పుకుంది. "ఇప్పుడు మీరే అమ్మా" అని నవ్వింది ఆ అమ్మాయి.

మందు ఉచితమే, కాదనను. కానీ ఆ మందు కోసం, ఏ రోగమూ లేనిదానిలా వేషం కట్టి మరీ నేను రోగినని నమ్మించాల్సి వచ్చింది.