గంపెడు మిరపకాయల విషవాయువు

విషవాయువు బారి నుంచి ఒక ఊరు ఊరంతటినీ కాపాడిన మనిషిని నేను. నమ్మకం లేకపోతే భోగాపురం దాటి సముద్రం వైపు వెళ్ళి, అక్కడి ముసలివాళ్ళలో ఎవరినడిగినా చెబుతారు. చెబుతూ నవ్వుతారు కూడా. ఎందుకంటే ఆ కథలో ఊరుంది, సముద్రముంది, నేనున్నాను, విషవాయువు ఒక్కటే లేదు. అది లేకుండానే ఎంత బీభత్సం చెయ్యొచ్చో ఈ రెండు చేతులతో చేసి చూపించాను.

పాకిస్తాన్‌తో యుద్ధమై ఇంకా ఎక్కువ కాలం కాలేదు. నాకు కొత్తగా శానిటరీ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం వచ్చింది. విజయనగరంలో పుట్టి పెరిగిన నన్ను తీసుకెళ్ళి, చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళో ఆరోగ్య కేంద్రానికి వేశారు. బావుల్లో మందు కలపడం, పిల్లలకి టీకాలు వేయడం, ఎండు చేపల మీద ఈగల్ని చూసి బాధపడడం నా పని. ఈగలు నన్ను చూసి బాధపడినట్టు కనిపించలేదు.

అలా ఉండగా పైవాళ్ళకి ఒక భయం పట్టుకుంది. విశాఖపట్నంలో రేవుంది, యుద్ధనౌకలున్నాయి. శత్రువు ఈసారి బాంబులతో పాటు విషవాయువు కూడా వదిలితే తీరం పొడుగునా జనం గతేమిటి? అందుకని మాలాంటి వాళ్ళని విశాఖపట్నం పిలిపించి తర్ఫీదు ఇచ్చారు. మిగతావాళ్ళు పాఠం వింటూ హాయిగా కునుకు తీశారు. నేను మాత్రం ఒక్క ముక్క వదలకుండా విన్నాను. నా కొంప ముంచింది ఆ శ్రద్ధే.

తిరిగి వచ్చేటప్పుడు జనానికి చూపించమని ఒక గ్యాస్ మాస్కు ఇచ్చారు. నల్లటి రబ్బరు మొహం, గుండ్రటి గాజు కళ్ళు, మూతి దగ్గర వేలాడే రేకు డబ్బా. అది పెట్టుకుంటే గుడ్లగూబకి పంది మూతి అతికించినట్టు ఉంటాడు మనిషి. నాకు మాత్రం అద్దంలో సాక్షాత్తూ సేనాపతి కనిపించాడు.

ఊరందరినీ ఇసుకలో కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చాను.

"కళ్ళు మండి నీళ్ళు కారినా, ఆగకుండా దగ్గు వచ్చినా, అది విషవాయువే అనుకోండి. నేను కేంద్రం ముందు వేలాడదీసిన రైలు పట్టా ముక్క కొడతాను. వెంటనే తడిగుడ్డ ముక్కుకి కట్టుకుని గాలికి ఎదురు పరిగెత్తాలి."

"గాలికి ఎదురంటే సముద్రంలోకే గదేటి బాబూ?" అంది నూకాలమ్మ.

నూకాలమ్మ గురించి చెప్పాలి. ఊళ్ళో అందరికీ పెద్దదిక్కు. నాకు రెండు పూటలా కూడు పెట్టే చల్లని తల్లి. నోరు మాత్రం చల్లనిది కాదు.

"సముద్రంలోకే. మంచిదే, ఒంటికంటిన విషం కడుక్కోవచ్చు. ముసలాళ్ళనీ పిల్లల్నీ పడవలెక్కించి నీళ్ళలోకి తోసెయ్యాలి."

"ఏ పడవ?"

"ఏది దగ్గరుంటే అది. ప్రాణం ముఖ్యం."

"ఈ గేసు మా ఎండు సేపల కంపుకి తట్టుకుంతాదా బాబూ? అదే ఎనక్కి ఎలిపోద్ది," అంది. జనమంతా గొల్లుమన్నారు. నేను నవ్వలేదు. సేనాపతులు నవ్వరు కదా.

ఇక అసలు సంగతికి వస్తాను. నూకాలమ్మ కొడుకు అప్పన్న. అంతకుముందు గాలివానకి అతని పడవ ముక్కలైపోయింది. అప్పటినుంచీ పాపం పక్కవాళ్ళ పడవల్లో కూలికి వెళుతున్నాడు. సొంత పడవ మీద బతికినవాడికి అది ఎంత చిన్నతనమో ఆ ఊళ్ళో ఉంటే గాని తెలియదు. ముక్కుపుడక దగ్గర్నుంచీ అన్నీ ఊడ్చి ఆ తల్లి కొత్త పడవ చేయించింది. మర్నాడు తెల్లవారుజామున దాన్ని నీళ్ళలోకి దించడానికి ముహూర్తం. పసుపు రాశారు, వేపమండలు కట్టారు, వల మడిచి లోపల పెట్టారు. గంగమ్మకి మొక్కిన కోడిపుంజు గట్టు మీద కాలికి తాడుతో, జరగబోయేదేమిటో తెలియక ధీమాగా తిరుగుతోంది.

ఆ రోజు పొద్దున్న నేను అటుగా వెళుతూ ఆగాను. చదువుకున్నవాణ్ణి కదా, నాలుగు మంచి మాటలు చెప్పకపోతే ఏం బాగుంటుంది?

"అబ్బ! ఏం పడవ అప్పన్నా! ఈ తీరం మొత్తం మీద ఇంత అందమైన పడవ లేదు. ఎంత తుపానొచ్చినా ఇది మునిగే ప్రసక్తే లేదు. చూడు, చూసినకొద్దీ చూడబుద్ధేస్తోంది!"

అప్పన్న తల దించుకున్నాడు. నూకాలమ్మ మొహం ఎర్రగా కందింది. పక్కకి తిరిగి మూడుసార్లు ఉమ్మింది. "సాల్లే బాబూ, ఎల్లి నీ పని సూసుకో," అంది. ఎంత నిగర్వులో పాపం, పొగిడితే సిగ్గుపడిపోతున్నారు అనుకుని మరో రెండు పొగడ్తలు పారేసి వచ్చాను.

మధ్యాహ్నం భోంచేసి కేంద్రం అరుగు మీద కూర్చున్నాను. సముద్రం మీద నుంచి గాలి చల్లగా వీస్తోంది. అంతలో ముక్కులో ఏదో గుచ్చుకున్నట్టయింది. కళ్ళు భగ్గుమన్నాయి. దగ్గు మొదలైంది. వీధిలోకి చూద్దును కదా, ఇళ్ళలోంచి జనం కళ్ళు నులుముకుంటూ, దగ్గుతూ, తుమ్ముతూ బయటికొస్తున్నారు. ఒక మేక కూడా తుమ్మింది. మేక తుమ్మడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. అనుమానం ఏమైనా ఉంటే ఆ మేక తీర్చేసింది.

గంతేసి లోపలికెళ్ళి మాస్కు తగిలించుకుని, రైలు పట్టా ముక్కని ఇనప కడ్డీతో వాయించాను. ఆ వాయింపుకి విజయనగరంలో మా అమ్మ కూడా లేచి కూర్చుని ఉంటుంది.

నా శిష్యులు ఎంత బుద్ధిమంతులో చెప్పనక్కర్లేదు. ఒక్కరు కూడా "ఎందుకు, ఏమిటి" అనలేదు. తడిగుడ్డలు ముక్కులకి బిగించారు. పిల్లల్ని చంకనేసుకున్నారు. ముసలాళ్ళని భుజాన వేసుకున్నారు. గాలికి ఎదురుగా, అంటే సముద్రంలోకి, ఒక్క ఊపున పరుగు తీశారు. ముందు నేను, వెనక ఊరు, మా మధ్యలో తుమ్ముతూ మేక. గర్వంతో నా గుండె ఉబ్బిపోయింది. మాస్కు గాజులకి ఆవిరి పట్టి నాకు మాత్రం ఏమీ కనిపించడం లేదు.

ఏదో అడ్డం తగిలింది. తడిమి చూస్తే పడవ.

"ఎక్కించండి! తోసెయ్యండి!" అని అరిచాను. మాస్కులోంచి మాట రాక, కుండలో నీళ్ళు మరిగిన చప్పుడొచ్చింది. అయినా చేతులు ఊపిన తీరు చూసి వాళ్ళకి అర్థమైంది. ముసలాళ్ళనీ పిల్లల్నీ పైకి విసిరి, ఐలేసా అంటూ తోశారు. పడవ సర్రున జారి కెరటాల్లో పడింది.

అప్పుడు వినిపించింది కేక.

"ఓలమ్మో! నా పడవ! నా పడవరో!"

మాస్కు పైకెత్తి చూశాను. నిప్పుల కుంపటి పక్కన నూకాలమ్మ నిలబడి ఉంది. చేతిలో గంప. గంపలో అడుగున నాలుగు ఎండు మిరపకాయలు.

"నూకాలమ్మా, పారిపో! విషవాయువు!"

"ఏటి వాయువు? ఎక్కడ వాయువు? నాను దిష్టి తీస్తన్నాను!"

దిష్టి సంగతి చదివేవాళ్ళలో తెలియనివాళ్ళు ఉండొచ్చు గనక చెబుతాను. మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటు వచ్చిందా, దిష్టి లేనట్టు. ఘాటు రాలేదా, గట్టి దిష్టే తగిలినట్టు. వచ్చేదాకా ఇంకా వెయ్యాల్సిందే. నూకాలమ్మ సముద్రానికి వీపు పెట్టి నిలబడి గుప్పెడు వేసింది. గాలి ఆ పొగని వచ్చింది వచ్చినట్టే ఊళ్ళోకి తోసుకుపోయింది. ఆవిడ ముక్కుకి ఏమీ అందలేదు. "అమ్మో, ఎంత దిష్టో!" అని ఇంకో గుప్పెడు. ఇంకోటి. అలా గంపంతా అయిపోవచ్చింది. ఇక్కడ ఊరు ఊరంతా చస్తుంటే, అక్కడ ఆవిడ ఇంకా వాసన రాలేదని దిగులు పడుతోంది.

"అసలు ఎవరి దిష్టి అంతలా తగిలింది నూకాలమ్మా?" అన్నాను నోరు ఊరుకోక.

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"ఎవులిదేటి? నీదే! పొద్దున్న మునగదు, మునగదని నోరారా అన్నావు గాదా! నీ నోట్లో మన్నెట్ట!"

నా దిష్టి తీయడానికి వేసిన మిరపకాయల ఘాటుకి నేనే ఊరిని సముద్రంలోకి తోలాను. ఇంతకంటే మనిషికి ఇంకేం కావాలి?

కానీ నవ్వు రాలేదు. నూకాలమ్మ గంప పారేసి ఇసుకలో చతికిలబడింది. ఇంక తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "రేపు తెల్లారగట్ల ముహూర్తం. ఉప్పుడు వర్జ్యం. కొబ్బరికాయ నేదు, కోడి నేదు. నా కొడుకు మళ్ళీ కూలికే ఎల్తాడు," అని మెల్లగా అంది. నాకు ఏ మూలకైనా పారిపోదామనిపించింది. నా ఎదుట దారంటూ ఉన్నది సముద్రమొక్కటే.

అప్పన్న ఈదుకుంటూ పడవ వైపు వెళ్ళాడు. మేం గట్టు మీద బిక్కచచ్చిపోయి చూస్తున్నాం. పడవలో ఉన్నదంతా నడవలేరని నేను ఎక్కించిన బాపతు. వాళ్ళలో గురయ్య తాత ఒకడు. ఏళ్ళుగా మంచం దిగనివాడు. ఉన్నట్టుండి ఆయన పడవలో లేచి నిలబడ్డాడు.

"ఒరే అప్పన్నా! బేగి రారా! అల్లదుగో, నీలంగా సేపల గుంపురా! తెడ్డట్టుకో!"

తాత ఒక అంచు, పక్క ముసలాయన ఇంకో అంచు పట్టుకుని వల విసిరారు. మంచాల మీద మూలుగుతూ ఉండే ముసలాళ్ళు ఒకరినొకరు బూతులు తిట్టుకుంటూ లాగారు. లాగిన వలలో కానాగంత చేపలు వెండి ముద్దలా కదిలాయి. పిల్లలు చేపల్లో మోకాళ్ళ లోతు కూరుకుపోయి కేకలు. పడవ అంచుల దాకా బరువుతో ఒడ్డుకొచ్చింది. మునగలేదు. నేను చెప్పినట్టే!

ఆ మాట పైకి అనబోయి, నూకాలమ్మ మొహం చూసి మింగేశాను.

ఆవిడ లేచి వచ్చి చేపల్ని చూసింది, కొడుకుని చూసింది, ఏడ్చింది, నవ్వింది. తర్వాత నా వైపు తిరిగింది.

"గంగమ్మే రమ్మన్నాది బాబూ. ముహూర్తం ఆ తల్లే ఎట్టుకున్నాది. నీ దిష్టి ఎలా ఎగిరిపోనాదో తెలుసా? పడవ ముందు ఆ మూతేసుకుని నిలబడ్డావు సూడు, దాన్ని సూసి దడుసుకుని పోనాది. ఆ మూతి ఇలా తే."

"అమ్మో, అది ప్రభుత్వానిది!"

"పెబుత్వానికి పడవుందేటి? పడవకి కట్టాల. తే."

"పోనీ నేను రోజూ వచ్చి పడవ ముందు నిలబడతాను. అది మాత్రం వద్దు."

"నీ మొకం వొద్దు బాబూ. ఆ మొకం సాలు."

ఇక చెప్పేదేముంది? ఆ సాయంత్రమే మాస్కు అప్పన్న పడవ ముక్కుకి ఎక్కింది. దానికి బొట్టు పెట్టారు. పుంజుకి మాత్రం ఏమీ కలిసి రాలేదు. రేపు పోవాల్సింది ఇవాళే పోయింది.

కొన్నాళ్ళకి మా జిల్లా ఆరోగ్యాధికారి జీపులో దిగారు, నేనిచ్చిన తర్ఫీదు చూడడానికి. ఆయనకి మీసాలు పెద్దవి, ఓపిక చిన్నది.

"కొట్టండి గంట. చూద్దాం."

కొట్టాను. ఒక్కరు కదలలేదు. వలలు బాగుచేసుకునేవాళ్ళు బాగుచేసుకుంటున్నారు. గురయ్య తాత మాత్రం తలెత్తి, "ఎవుల పడవకో దిష్టి తీస్తన్నట్టున్నారు," అని మళ్ళీ తల దించుకున్నాడు.

"ఇదేమిటయ్యా?" అన్నారు దొరవారు.

"ఊరు బాగా ధైర్యంగా ఉంది సార్. భయపడడం లేదు."

"సరే. మాస్కు తీసుకురా."

"అది... డ్యూటీలో ఉంది సార్."

"ఎక్కడ?"

సముద్రం వైపు చెయ్యి చూపించాను. సరిగ్గా అప్పుడే అప్పన్న పడవ చేపలతో ఒడ్డుకొస్తోంది. ముక్కున మాస్కు, నుదుట కుంకం, గాజు కళ్ళతో నేరుగా ఆయన్నే చూస్తూ. నా ఉద్యోగం ఆ కెరటంతో పాటే వెనక్కి పోతున్నట్టనిపించింది. ఆయన నోరు తెరిచారు. పెద్ద చీవాట్లే అనుకుని కళ్ళు మూసుకున్నాను.

"అబ్బ!" అన్నారు ఆయన. "ఏం పడవయ్యా! ఈ తీరం మొత్తం మీద ఇంత అందమైన పడవ..."

గబుక్కున ఎగిరి ఆయన నోరు నొక్కేశాను. అధికారి నోరు, అదీ మీసాలతో సహా. అప్పటికే ఆలస్యమైపోయింది.

"ఒలే కోడలా!" గట్టు మీద నుంచి నూకాలమ్మ అరిచింది. "మిరపకాయల గంప తేవే! ఈసారి పెద్ద దిష్టే!"

ఆయన నన్ను ఉద్యోగంలోంచి తీసేద్దామనే అనుకున్నారు. అంతలో గాలి తిరిగి ఘాటు జీపులోకే వెళ్ళడంతో, కాగితం రాసే తీరిక లేక, దగ్గుతూ వెళ్ళిపోయారు.

ఆ రోజే గంగమ్మ సాక్షిగా ఒట్టేసుకున్నాను. నా బొందిలో ప్రాణమున్నంత కాలం ఎవరి పడవనీ, ఎవరి బిడ్డనీ, ఎవరి గేదెనీ, ఆఖరికి ఎవరి గుమ్మడికాయనీ బాగుందని అనను గాక అనను. అందుకే పదవీ విరమణ దాకా టీకాలకి వచ్చిన ప్రతి బొద్దు పిల్లనీ చూసి, "ఏదోలే, పరవాలేదు," అనేవాణ్ణి. తల్లులకి కోపం వచ్చేది. వస్తే రానీండి, మిరపకాయలు మిగిలాయి.