వారసుడు లేని డ్యూక్ గారు

ఆ రోజుల్లో నాకు తెలిసిన విషయం నోట్లో ఆగేది కాదు. గోదావరి జిల్లా నుంచి ఖతార్ వచ్చి, లుసైల్ ఊళ్ళో ఒక హోటల్ రిసెప్షన్‌లో చేరిన కొత్త. ఇంకా ప్రొబేషన్. మేనేజర్‌కి నచ్చకపోతే తిరుగు విమానమే. అలాంటి సమయంలో ఇంగ్లండు నుంచి ఒక డ్యూక్ గారు కూతురితో వస్తున్నారనీ, ఆయన ముత్తాత రాజుగారనీ కబురొచ్చింది. స్టాఫ్‌కి మర్యాదలు నేర్పే పని మేనేజర్ నాకు అప్పగించాడు. దోహాలో ఉమ్ ఘువైలినా పేటలో ముగ్గురం పంచుకునే గదిలో కూర్చుని, సండే స్కూల్లో బైబిల్ వాక్యాలు బట్టీపట్టినట్టు డ్యూకుల సంగతంతా బట్టీపట్టాను.

మర్నాడు పాఠం చెప్పాను. రాజుగారు తన కొడుక్కి, చాలాసార్లు పెళ్ళి వేళకి, డ్యూక్ బిరుదు ఇస్తారు. తర్వాత అది పెద్దకొడుక్కి, అతని పెద్దకొడుక్కి వెళ్తుంది. తరాలు గడిచేకొద్దీ 'రాయల్ హైనెస్' అనే పిలుపు పోయి మామూలు డ్యూక్ మిగులుతాడు. డ్యూకే రాజైతే ఆ బిరుదు కిరీటంలో కలిసిపోతుంది. ఒకసారి ఇచ్చింది రాజుగారైనా ఊరికే లాక్కోలేరు, పార్లమెంటు చట్టం చెయ్యాలి. (ఇంత చెప్పి, కాఫీ ఏ చేతి వైపు పెట్టాలో చెప్పడం మరిచిపోయాను.) సామాను మోసే జగిత్యాల బాబాయి ఒక్కడే ప్రశ్న అడిగాడు. ఆయనకి ముగ్గురు కూతుళ్ళు. ఊళ్ళో వాళ్ళమ్మకి గల్ఫ్ అంతా దుబాయే, తన కొడుకు దుబాయ్‌లో ఉన్నాడనే చెప్పుకుంటుందట.

"మొగపిల్లగాడు లేకుంటే ఎట్ల బిడ్డా?"

"తమ్ముళ్ళు, దాయాదులు కూడా లేకపోతే ఆ బిరుదు ఆయనతోనే ఆగిపోతుంది బాబాయ్."

"గంత పెద్దింట్ల గూడ గిదే లొల్లా?" అని నిట్టూర్చి ట్రాలీ తోసుకుంటూ పోయాడు.

డ్యూక్ గారు వచ్చారు. నలిగిన కోటు, చేతికర్ర, సన్నటి మనిషి. పక్కన నలభై దాటిన కూతురు. మేనేజర్ గర్వంగా, ఈ అమ్మాయి మీ గురించి క్లాసు చెప్పింది సార్ అన్నాడు. పెద్దాయన నవ్వి, నాకు తమ్ముళ్ళు, దాయాదులు ఎవరూ లేరు, మా అమ్మాయి ఒక్కతే, మరి నా బిరుదు ఏమవుతుంది అని అడిగారు.

పరీక్షలో తెలిసిన ప్రశ్నే పడినట్టు నా మొహం వెలిగిపోయింది. "మీతో అంతరించిపోతుంది సార్" అని గడగడా చెప్పేశాను.

కూతురు తల దించుకుంది. మేనేజర్ మొహం చూస్తే నా టిక్కెట్టు కళ్ళముందు కనిపించింది. ఏమైందని బాబాయి గుసగుసగా అడిగితే చెప్పాను. ఆయన సూట్‌కేసు కింద పెట్టి, పెద్దాయన వైపు తిరిగాడు.

"సార్, నాకు గూడ తీన్ డాటర్. నో సన్. రోజూ ఫోన్ చేస్తరు. అన్నం తిన్నవా అని అడుగుతరు."

నేను అనువదించాను. పెద్దాయన చెయ్యి చాచి బాబాయి చెయ్యి పట్టుకున్నారు. కూతురి వైపు తిరిగి, "ఈవిడా అంతే. రోజూ అడుగుతుంది" అన్నారు.

నేను మాత్రం స్టోర్ రూంలోకి వెళ్ళి బాగా ఏడ్చాను.

వాళ్ళు వెళ్ళే రోజున డ్యూక్ గారి కూతురు నా కౌంటర్ దగ్గర ఆగింది. "మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. కొడుకుగా పుట్టకపోవడం నా తప్పేమో అని పెరిగాను. ఇక్కడికి వచ్చాకే నాన్న, నేను దాని గురించి మొదటిసారి మాట్లాడుకున్నాం" అంది. మేనేజర్ చెవిన పడేలా నాకు థాంక్స్ చెప్పింది. ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకి నేనే మర్యాదలు నేర్పుతున్నాను. ముందు వినండి, తర్వాత మాట్లాడండి అని. కానీ స్టోర్ రూంలో దుప్పట్ల మధ్య కూర్చుని బ్లేజరు చేతులతో కళ్ళు తుడుచుకున్న ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. పక్కన కూర్చుని, ఏడవకే, నువ్వన్నదాంట్లో తప్పేం లేదు అని చెప్పాలనిపిస్తుంది.