ఐలా రౌటియో ఒప్పుకోని పాఠం

సుపీరియర్ సరస్సు ఉత్తరపు ఒడ్డున ఒక ఊళ్లో, వైద్యశాస్త్రాలు చదివే రెండో ఏడాది పిల్లలకు ఫార్మకాలజీ మొదటి పాఠాలు చెప్పేది ఐలా రౌటియో. మందు ఒంట్లో ఎక్కడ పట్టుకుంటుంది, కాలేయం దాన్ని ఏం చేస్తుంది, ఎంతసేపటికి బయటికి పోతుంది, ఎంతదాకా మందు, ఎక్కడినుంచి విషం అన్నవి వాళ్లు ఆమె దగ్గరే మొదటిసారి వినేవారు. ఆ తరగతి దాటినవాళ్లే తర్వాత డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు అయ్యేవారు.

ఆమె తండ్రి ఫిన్లాండ్ నుంచి వచ్చి అడవిలో చెట్లు కొట్టిన మనిషి. దుంగ మీదపడి నడుం దెబ్బతింటే, డాక్టరు నిద్రకొక మాత్ర, నొప్పికొక మాత్ర రాసిచ్చి ఇంటికి పంపాడు. ఆ రెండూ కలిపి మింగితే ఊపిరి మందగిస్తుందని ఎవరూ చెప్పలేదు. మర్నాడు ఆయన లేవలేదు. గుండె ఆగిందని కాగితం మీద రాసిచ్చారు. ఐలా అప్పుడు హైస్కూల్లో ఉంది. కాలేజీలో ఆ రెండు మందుల సంగతి చదువుతున్న రోజున ఆమెకు అసలు జరిగిందేమిటో అర్థమైంది. తరగతి మధ్యలో లేచి బయటికి వెళ్లి, చలిలో కోటు లేకుండా చాలాసేపు నిలబడింది. ఆ కోపం ఇక చల్లారలేదు. దాంతోనే ఆమె పాఠాలు చెప్పింది.

"మేడమ్, పరీక్షకి ఎంతవరకు చదవాలి?" అని ఏటా ఎవడో ఒకడు అడిగేవాడు.

"నీ చేతిలో పడ్డ మనిషి బతికి బయటపడేంతవరకు," అనేది ఆమె. పిల్లలు నవ్వేవారు. ఆమె నవ్వేది కాదు.

ఒక ఏడాది శరదృతువులో విభాగాధిపతి గ్రాహం టాలివర్ ఆమె గదికి వచ్చాడు. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరినవాళ్లు.

"ఐలా, నీకో మంచి వార్త. నొప్పి గురించిన పాఠం ఈసారి నువ్వు చెప్పక్కర్లేదు. అన్ని విభాగాల పిల్లలనీ ఒకచోట కూర్చోబెడుతున్నాం. పెద్ద డాక్టరొకాయన వస్తున్నాడు. పుస్తకాలు ఉచితం, మధ్యాహ్నం సాండ్‌విచ్‌లు కూడా ఉచితం."

"ఎవరు పెడుతున్నారు సాండ్‌విచ్‌లు?"

"ఎవరైతే ఏంటి?"

"గ్రాహం, ఎవరు?"

కొత్త నొప్పి మాత్ర ఒకటి అమ్ముతున్న కంపెనీ అని అతను నసిగాడు. "పిల్లలకి మేలే కదా, ప్రతిదానికీ మొహం ముడుచుకుంటావేం?" అని కూడా అన్నాడు.

ఆ రోజు ఐలా హాలులో వెనక వరుసలో కూర్చుంది. వచ్చినాయన పేరు డాక్టర్ విట్‌కోంబ్. మాట తీపి, సూటు మీద మడత లేదు. నొప్పితో బాధపడేవాళ్లకు ఇన్నాళ్లూ మనం అన్యాయం చేశామంటూ మొదలుపెట్టి, పిల్లల కళ్లు చెమర్చేలా మాట్లాడాడు. తర్వాత తెర మీద మందుల పట్టిక పడింది. బలహీనమైనవి ఒకవైపు, బలమైనవి ఒకవైపు. కంపెనీ మాత్ర బలహీనమైన వాటి వరుసలో, కోడీన్ అనే తేలికపాటి నొప్పి మందు పక్కన తీరిగ్గా కూర్చుంది. బలమైన వరుసలో మార్ఫిన్ ఒక్కటే ఉంది.

ఐలా చెయ్యి ఎత్తింది. "ఆ మాత్ర నోట్లో వేసుకుంటే మార్ఫిన్ కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు గట్టిది. అది అటువైపు ఎందుకుంది?"

"మీరు ప్రయోగశాల మాట మాట్లాడుతున్నారు మేడమ్. నేను రోగి మంచం పక్కన నిలబడి మాట్లాడుతున్నాను," అన్నాడాయన చిరునవ్వుతో. కొందరు నవ్వారు కూడా.

అప్పుడు నాడిన్ అనే అమ్మాయి లేచింది. ఉత్తరాన ఓజిబ్వే ఆదివాసీల పల్లె నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్ల, తరగతిలో నోరు విప్పేదే కాదు. "మా అమ్మ ఇక్కడి హాస్పిటల్లో బట్టలుతికే చోట పనిచేస్తుందండీ. మణికట్టు విరిగితే ఈ మాత్రే ఇచ్చారు. ఎముక ఎప్పుడో అతుక్కుంది. కానీ ఒక్క పూట ఆలస్యమైతే వణికిపోతోంది, చెమటలు పడుతున్నాయి. అది అలవాటు పడడం కాదా?"

"కాదమ్మా. నొప్పి పూర్తిగా తగ్గలేదని అర్థం. మోతాదు పెంచమని ఆవిడ డాక్టరుతో చెప్పండి."

ఐలాకు ఒళ్లు మండిపోయింది. మందు ఆగితే వణుకు, చెమటలు ఎందుకొస్తాయో తను పోయిన నెలలోనే ఇదే పిల్లలకు బోర్డు మీద గీసి చెప్పింది. "నాడిన్, పెంచొద్దు," అంది గట్టిగా. "ఒక్కసారిగా ఆపెయ్యొద్దు కూడా. రేపు నా గదికి రా. ఈయన చెప్పింది పాఠం కాదు, అమ్మకం."

విట్‌కోంబ్ గడియారం చూసుకున్నాడు. గ్రాహం ఎర్రబడ్డ మొహంతో భోజనానికి లేవమన్నాడు.

సాయంత్రం గ్రాహం తలుపేసి మొదలెట్టాడు. "అతిథిని పట్టుకుని నలుగురిలో అంత మాటంటావా? మర్యాదంటూ లేదా?"

"తప్పు చెప్పినవాడికి సాండ్‌విచ్ పెట్టడం మర్యాదా? ఆ పిల్ల వాళ్లమ్మ చస్తే ఎవరు మర్యాదగా సమాధానం చెప్తారు, నువ్వా?"

"ఆయనకి పాతికేళ్ల అనుభవముంది."

"నీకూ ఉందిగా అనుభవం. మార్ఫిన్ కంటే బలమైందాన్ని కోడీన్ పక్కన పెట్టడం తప్పో కాదో నువ్వే చెప్పు."

అతను కిటికీలోంచి చూశాడు. అతనికి తెలుసు. అదే ఆమెను ఎక్కువ కాల్చింది.

పరీక్షలో ఆమె ఒక ప్రశ్న ఇచ్చింది. మీకు ఉచితంగా ఇచ్చిన పుస్తకంలో మందుల పట్టిక తప్పు, ఎందుకో రాయండి అని. గ్రాహం తీసెయ్యమన్నాడు, ఆమె తియ్యలేదు. పిల్లల్లో చాలామంది బాగానే రాశారు. కొందరు మాత్రం, యూనివర్సిటీ ఇచ్చిన పుస్తకాన్నే తప్పంటే మేం దేన్ని నమ్మాలని పైవాళ్లకు ఫిర్యాదు చేశారు. న్యాయమైన ప్రశ్నే. ఐలా కూడా అదే అడుగుతోంది. కానీ పైవాళ్లు ఆ ప్రశ్నకు జవాబు వెతకలేదు, ఐలాకు వేరే పని వెతికారు. మరుసటేడు ఆమెను ప్రయోగశాల తరగతులకు మార్చి, ఆ పాఠాలను కొత్తగా చేరిన కుర్రాడికి అప్పగించారు. నొప్పి పాఠానికి విట్‌కోంబ్ మళ్లీ వచ్చాడు. తర్వాత కూడా చాలా ఏళ్లు వచ్చాడు.

ఇంట్లో ఆమె ఈ మాట తప్ప మరో మాట మాట్లాడేది కాదు. ఫిన్లాండ్ వాళ్ల అలవాటు ప్రకారం శనివారం ఆవిరిస్నానం గదిలో కూర్చున్నా అదే గొడవ. "కాగిన రాళ్ల మీద నీళ్లు పొయ్యక్కర్లేదు ఐలా, నువ్వు కూర్చుంటే చాలు, గది పొగలు కక్కుతోంది," అనేవాడు భర్త వెయ్‌కో. "ఉద్యోగం మానేస్తావా?" అని అడిగాడు ఒకసారి.

"మానేస్తే వాళ్లకి హాయి. ఆ హాయి నేనెందుకివ్వాలి?"

నాడిన్ తల్లి పేరు ఇర్మా. ఐలా ఆమెను తన కారులో తీసుకెళ్లి, మాత్రను కొంచెం కొంచెంగా తగ్గించే ఓపిక ఉన్న డాక్టరును వెతికి అప్పగించింది. చలికాలమంతా పట్టింది. కడుపులో తిప్పి, ఎముకలు పిండినట్టయి, ఇర్మా ఎన్నోసార్లు తిట్టింది. "నీకేం తల్లీ, పుస్తకాల మనిషివి. నా ఒంట్లోకి నువ్వొచ్చి పడుకో ఒక పూట," అంది. ఐలా ఆమె కాళ్లకు దుప్పటి కప్పేది. వసంతానికి ఇర్మా మళ్లీ పనిలోకి వెళ్లింది. కానీ ఆమెతో పాటు పనిచేస్తూ ఇదే మాత్రకు అలవాటుపడ్డ ఇద్దరికి అలాంటి డాక్టరు దొరకలేదు. మోతాదు పెంచుతూ పోయారు. ఇద్దరూ పోయారు. ఆ అంత్యక్రియలకు యూనివర్సిటీ నుంచి వెళ్లింది ఐలా ఒక్కతే.

ఏళ్లు గడిచాయి. ఊళ్లో అలాంటి చావులు పెరిగి, పత్రికలు రాయడం మొదలుపెట్టాక, విట్‌కోంబ్ రావడం ఆగిపోయింది. ఆ పుస్తకాలు గ్రంథాలయంలోంచి చప్పుడు లేకుండా మాయమయ్యాయి. నాడిన్ అప్పటికి ఫార్మసిస్టు అయి తన పల్లెకే వెళ్లింది. ఐలా రిటైరయింది. అప్పుడు యూనివర్సిటీ ఒక సభ పెట్టి, విచారం ప్రకటిస్తూ ఒక మాట చదువుతామని, ఐలాను ముందు వరుసలో కూర్చోమని పిలిచింది. చదవాల్సింది ఇంకా పదవిలో ఉన్న గ్రాహమే. ముందుగా చూడమని ఆ కాగితం ఆమె చేతికిచ్చాడు.

అందులో, ఆనాడు ఆ మందు ప్రమాదం మాకు తెలియలేదు, అని ఉంది.

"ఇది మార్చు," అంది ఐలా.

"ఏది?"

"తెలియలేదని రాశావు. నేను నిండు హాల్లో చెప్పాను. నీ గదిలో చెప్పాను. పరీక్షలో రాయించాను. మేం వినలేదు అని రాయి."

"లాయర్లు ఒప్పుకోరు ఐలా."

"చచ్చినవాళ్లు ఒప్పుకున్నారా?"

అతనికి జుట్టు తెల్లబడింది. "నాకు తెలుసని నీకు తెలుసు. అది చాలదా?" అన్నాడు మెల్లిగా.

"నాకెందుకు చాలాలి? వెళ్లి ఇర్మానడుగు."

మాట మార్చలేదు. ఐలా ముందు వరుసలో కూర్చోలేదు. గ్రాహం తెలియలేదని చదువుతుండగా వెనక నుంచి లేచి, "తెలుసు," అంది, అందరికీ వినపడేలా. తర్వాత కోటు వేసుకుని బయటికి నడిచింది. వెంట వచ్చిన ఇద్దరు ముగ్గురు విద్యార్థులు, ఏం జరిగిందో చెప్పమని మెట్ల మీద ఆమెను చుట్టుకున్నారు. బయట గాలి కోస్తోంది. ఆమె అక్కడే నిలబడి మొదటినుంచీ చెప్పింది.