పెదనాయన రాజీనామా

మొన్న మధ్యాహ్నం మైకు కట్టిన జీపు ఒకటి ఆత్మకూరులో మా వీధిలోంచి పోయింది. మళ్లీ ఓట్లు వస్తున్నాయట. నేను వాకిట్లో వడియాలకు కాపలా కూర్చుని ఉన్నాను. పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసి, "మీ పుట్టింటోళ్లది ఏ పార్టీ అమ్మే?" అని అడిగింది. నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు, ఒక్కరున్నా అంతే. పార్టీ పేరు మాత్రం చెప్పి వడియాల వైపు చూస్తూ ఉండిపోయాను. నిజానికి చెప్పవలసింది చాలా ఉంది. ఆ పార్టీకి మా ఇంట్లో రాసిన రాజీనామాలన్నీ నా చేతిరాతే. నోటితో చెప్పలేనివి డైరీలో పెట్టుకోవడం చిన్నప్పటి అలవాటు కనుక ఇక్కడ రాస్తున్నాను.

మా నాయనది అడవి శాఖలో ఉద్యోగం, రెండేళ్లకొక ఊరు. అందుకని నన్ను ఉదయగిరిలో పెదనాయన ఇంట్లో పెట్టి చదివించారు. బడి అయిపోయాక కూడా పెళ్లయ్యేదాకా అక్కడే ఉన్నాను. పడమటి కొండ నీడ సాయంత్రం కాకముందే ఆ వీధి మీదికి దిగేది. ఆ నీడలో, వసారా స్తంభానికి ఆనుకుని, పెద్దమ్మకు కనపడకుండా చేటకింద పుస్తకం పెట్టుకుని చదివేదాన్ని. పెద్దమ్మకు కనపడేది. ఆమె చూడనట్టు ఉండేది. ఆ ఇంట్లో చాలా సంగతులు ఇలాగే, ఒకరు దాచినట్టూ ఇంకొకరు చూడనట్టూ నడిచిపోయేవి.

పెదనాయన పాతకాలపు మనిషి. తలపాగా లేకుండా గడప దాటేవారు కాదు. మెట్టచేల మనిషైనా, వాన పడలేదని దేవుణ్ణి కూడా గట్టిగా ఒక మాట అనేవారు కాదు. ఆయనకు కోపం రావడమంటే ఒక్క పార్టీ మీదే. అభిమానం కూడా దాని మీదే. మొదటి ఓట్లప్పుడు ఒక్కొక్క పార్టీకి ఒక్కొక్క పెట్టె, దాని మీద గుర్తు అంటించి ఉండేది. మాది గొడుగు. ఈయన చీటీ వేసి, ఆ పెట్టెను తాకి చేతులు కళ్లకద్దుకుని వచ్చారని ఊరంతా చెప్పుకున్నారు. పెద్దమ్మ ఏనాడూ ఆయనతో నేరుగా మాట్లాడి ఎరగదు. నన్ను మధ్యలో పెట్టుకుని మాట్లాడేది. "పెట్టెకు దండం పెట్టి వచ్చినాడంట మీ పెదనాయన. చీటీ లోపల వేసినాడో, పైన పెట్టి వచ్చినాడో అడగమ్మే" అంది ఆ రోజు. "వేసినానని చెప్పు" అన్నారాయన, నా వైపే చూస్తూ.

గెలిచాక పార్టీ ఆయన్ను సంతోషపెట్టిన రోజు ఒక్కటీ నాకు గుర్తులేదు. పాత పద్ధతులు కాపాడతామని ఓట్లడిగినవాళ్లు అసెంబ్లీకి పోయి కొత్త చట్టాలన్నిటికీ చేతులెత్తారు. భూములు పంచాలనే వాళ్లతో ఒకే వేదిక మీద కూర్చున్నారు. మా దిగువ వీధికి మంచినీళ్ల బావి తవ్విస్తామన్నారు. ఒక మనిషి వచ్చి సున్నంతో గుండ్రంగా గీసి పోయాడు, మేకలు ఆ సున్నం నాకేశాయి. బస్సు దగ్గర ఎదుటి పార్టీ వాళ్లు, "వాన లేని ఊరికి గొడుగెందుకు మామా?" అని ఎగతాళి చేసేవారు. "గొడుగు ఎండక్కూడా పడతార్రా" అని పెదనాయన అక్కడ గట్టిగానే జవాబు చెప్పేవారు. ఇంటికొచ్చాక తలపాగా తీసి మంచం మీద పెట్టి, "ఏమ్మే, కాగితం తే" అనేవారు.

ఆ కాగితం రాజీనామాకు. ఏడాదికొకసారైనా, సాధారణంగా వేసవిలో, అన్నం తిన్న తర్వాత ఆయన మంచం మీద పడుకుని చెబుతుంటే నేను కింద కూర్చుని రాసేదాన్ని. ఆయన చెప్పేది ఒకటి, నేను రాసేది కాస్త నగిషీ పెట్టి. చదివి వినిపించేటప్పుడు కటువైన మాట తగిలితే కళ్లు తెరిచి, "ఆ మాట కొట్టెయ్యి. మనోళ్లే గదా" అనేవారు. అలా కొట్టేసి కొట్టేసి చివరికి అది రాజీనామాకంటే పెళ్లి శుభలేఖలాగా తయారయ్యేది. సంతకం పెట్టి, "రేపు టపాలో వేసెయ్" అని అటు తిరిగి పడుకునేవారు. పెద్దమ్మ వచ్చి, ఆ కవరు నా చేతిలోంచి తీసుకుని, చీరెల పెట్టెలో అడుగున పెట్టేది. మర్నాడు ఆయన అడిగేవారు కాదు. అది ఎక్కడికి పోతుందో ఆయనకు తెలుసు.

ఒక వేసవిలో పెద్దమ్మ తన చెల్లెలి కూతురి కాన్పుకు మర్రిపాడు పోయింది. ఆ వారంలోనే పార్టీ పెద్దమనిషి జీపులో మా ఊరిమీదుగా వచ్చారు. పెదనాయన పూలదండ పట్టుకుని రోడ్డు మీద పొద్దుటినుంచి నిలబడ్డారు. జీపు ఆగలేదు. దండ తెచ్చి గేదె మెడలో వేసి, నన్ను కాగితం తెమ్మన్నారు. ఆ రోజు ఒక్క మాటా కొట్టెయ్యమనలేదు. రేపు టపాలో వెయ్యమన్నారు. పెద్దవాళ్లు చెప్పిన పని చెయ్యడం తప్ప నాకు ఇంకేం తెలుసు? తెల్లవారి పోయి ఎర్ర డబ్బాలో వేసి వచ్చాను.

మూడో రోజు అన్నం తింటూ, ఏదో గుర్తొచ్చినట్టు, "ఆ కాగితం యాడ పెట్టినావు?" అన్నారు.

"డబ్బాలో వేసినాను పెదనాయనా."

చెయ్యి కంచంలోనే ఆగింది. "మంచిపని చేసినావులే" అని లేచిపోయారు. సగం అన్నం అలాగే ఉంది. ఆ తర్వాత బస్సు దగ్గరికి పోవడం మానేశారు. పార్టీ జెండాను వేపాకు పెట్టి మడిచి పెట్టెలో దాచేవారు, దాన్ని తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ఒకసారి చూశాను. ఆయన్ను ఆయన పార్టీలోంచి నేనే వెళ్లగొట్టినట్టు నాకు ఏడుపు వచ్చింది. పెద్దమ్మ తిరిగొచ్చి సంగతి విని నా నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. "చదువుకున్నావు గానీ, మగోళ్లు చెప్పిన దాంట్లో ఏది చెయ్యాలో, ఏది చెయ్యగూడదో నేర్చుకోలా" అంది.

పదిహేను రోజులకు ఆత్మకూరు పార్టీ ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. వసారాలో నిలబడి నేనే చదివాను. తమరి రాజీనామా అందినదనీ, అయితే తమరి పేరు సభ్యుల పట్టీలో ఎక్కడా లేదనీ, సభ్యులు కానివారి రాజీనామాను ఆమోదించే పద్ధతి లేదనీ ఉంది అందులో. వంటింట్లోంచి పెద్దమ్మ నవ్వు వినిపించింది. "ఇన్నేళ్లూ తాను లేని పార్టీ కోసం తన్నుకులాడినాడా అని అడగమ్మే."

ఆయన నవ్వలేదు. పార్టీలో చేరాలని ఆయనకు ఎప్పుడూ తోచలేదు. మా ఇంటి వాళ్లం అందులోనే ఉన్నాం, చేరేదేముందని ఆయన లెక్క. మర్నాడు పొద్దున్నే తలపాగా చుట్టి, కాగితాలు చూసుకోవడానికి నన్ను వెంటబెట్టుకుని ఆత్మకూరు బస్సెక్కారు. దారిలో రెండు చోట్ల బస్సు ఆపి ఇంజనుకు నీళ్లు పోశారు.

ఆఫీసు ఒక బియ్యం కొట్టు మీద మేడగది. కళ్లద్దాల కుర్రాయన ఒకరు, కార్యదర్శి అట, బల్ల దగ్గర ఉన్నారు.

"నేను పార్టీలో లేనా?" అన్నారు పెదనాయన కూర్చోకుండానే.

"పట్టీలో లేరు పెద్దాయనా."

"మరి రాజీనామా ఎట్ట చేసేది?"

"ముందు చేరాల."

పెదనాయన కిటికీలోంచి బజారు వైపు కాసేపు చూశారు. "అయితే చేర్చుకో" అన్నారు. ఫారం నేనే నింపాను. కార్యదర్శి నా అక్షరాలు చూసి, బల్ల సొరుగులోంచి మా ఉత్తరం తీసి పక్కన పెట్టి పోల్చుకున్నారు. "ఇది రాసింది నువ్వేనామ్మా? మేం నలుగురం చదువుకున్నాం. ఇందులో రాసిన ఆ బావి సంగతి నిజమేనా?" అని అడిగారు. పెదనాయన నా వైపు చూశారు. అప్పుడు, కొత్తవాళ్ల ముందు జీవితంలో మొదటిసారి, "నిజమే, సున్నం మేకలు నాకినాయి" అన్నాను. కార్యదర్శి నవ్వి ఏదో రాసుకున్నారు. ఆ తర్వాత రసీదు చించి పెదనాయనకు ఇచ్చి, ఒక తెల్లకాగితం కూడా ముందుకు తోశారు. "ఇప్పుడు రాజీనామా చెయ్యొచ్చు పెద్దాయనా."

పెదనాయన రసీదును వెలుతురుకు పట్టి, తన పేరు కూడబలుక్కుని చదువుకున్నారు. ఎవరో పురిటిబిడ్డను చేతికిచ్చినట్టు రెండు చేతులా పట్టుకుని, మెల్లగా మడిచి తలపాగా మడతలో పెట్టుకున్నారు.

"ఇప్పుడే చేరినా గదయ్యా" అన్నారు. "ఒక పూటన్నా ఉండనీ."

బావి ఇంకా రాలేదు. జీపులూ ఆగడం లేదు. నాకు పెళ్లయి ఈ ఊరు వచ్చాక, కోపమొచ్చినప్పుడల్లా ఆయన బస్సెక్కి వచ్చి మా వాకిట్లో కూర్చుని నాతోనే కాగితాలు రాయిస్తారు. ఇప్పుడవి ఫిర్యాదులు, కింద సభ్యుడని కూడా రాయాలి. రాజీనామా మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. కాలాన్ని మేము పంచాంగంలో ఒకలాగా, డైరీలో ఒకలాగా లెక్కపెడతాం గానీ, పెదనాయన ఆ రోజు మేడగదిలో అడిగిన పూట మాత్రం ఇన్నేళ్లయినా ఇంకా గడవనే లేదు.