అంతోని ముఖం రంగు

2022 జూన్‌లో నన్ను కలర్ మేనేజ్‌మెంట్ పరీక్షలకు వేశారు. బెంగళూరులో ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ మాది. నేను సీనియర్ క్వాలిటీ ఇంజనీరుని. ఆ పని ఎవరూ అడిగి తీసుకునేది కాదు. రంగులు చూసే గదికి కిటికీ ఉండదు. గోడలు బూడిద రంగువి. పక్కన ఏ రంగు ఉన్నా కంటిని మోసం చేస్తుంది కాబట్టి లోపల కూర్చునేవాళ్ల బట్టలు కూడా బూడిద రంగువే అయి ఉండాలి. మా ఊరు ఊరిగాంలో రోజూ నాతో పాటు బెంగళూరు రైలెక్కే ఆడవాళ్లు, "ఏమక్కా, దినామూ ఇదే చీరేనా?" అని ఆటపట్టించేవారు. అలాంటివి నా దగ్గర నాలుగైదు ఉన్నాయంటే నమ్మేవారు కాదు. రోజంతా ఆ గదిలో నేనూ, రెండు మానిటర్లూ. ఇంట్లోనూ నేనొక్కదాన్నే. ఒంటరితనం బాగానే బాధించేది, దాచుకోవడం ఎందుకు?

మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఫోటో ఫైలులో ఉండేవి రంగులు కావు, అంకెలు. ఏ అంకె అంటే ఏ రంగో చెప్పే చిన్న వివరం ఫైలుకు అంటించి ఉంటుంది. అదే ప్రొఫైల్. అవే అంకెలను ఒక ప్రొఫైల్‌తో చదివితే ఒక ఎరుపు, ఇంకోదానితో చదివితే మరో ఎరుపు. ఫోన్లు ఒక ప్రొఫైల్ వాడతాయి, పెద్ద కెమెరాలు మరొకటి. ఫోటో ప్రొఫైలూ సాఫ్ట్‌వేర్ ప్రొఫైలూ వేరైతే ఏం చేయాలని మా పాత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లను అడిగేది. ఆ ప్రశ్న జనానికి విసుగు. అందుకని కొత్త వెర్షన్‌లో, నేను వద్దంటున్నా వినకుండా, ఆ ప్రశ్న తీసేశారు. ఏ ఫోటో తెరిచినా ప్రొఫైల్‌ను చడీచప్పుడు లేకుండా పడేసి, ఇంటర్నెట్‌లో మామూలుగా వాడే ప్రొఫైల్‌తో చదివేస్తుంది. ఫైలు బరువు తగ్గుతుందని, దేనితో తీశారన్నది లాంటి మిగతా వివరాలు కూడా తుడిచేస్తుంది.

అక్టోబరులో ఒక ఫిర్యాదు వచ్చింది. పంపినది మా ఊరి స్టూడియోనే. అక్కడ సమాధుల మీద అమర్చే పింగాణీ పలకలకు ఫోటోలు తయారుచేస్తారు. ముఖాలు పాలిపోతున్నాయని ఫిర్యాదు. మా ఆఫీసులో ఫిర్యాదులకు నాలుగు తరగతులు. ఒకటోదైతే వెర్షన్ విడుదల ఆపేస్తారు, నాలుగోదైతే తీరికున్నప్పుడు చూస్తారు. దీన్ని నాలుగులో పడేశారు. మీ ఊరే కదా, ఒకసారి చూసి రమ్మని మా మేనేజరు అన్నాడు. శనివారం వెళ్లాను.

స్టూడియోలో లూర్దమ్మ కూర్చుని ఉంది. ఆమె భర్త అంతోని మా ఊరికి దగ్గర్లోని నరసాపురంలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసేవాడు. ఆ ఏడాది మార్చిలో గుండెపోటుతో పోయాడు. నవంబరు రెండున సమాధుల పండగ. ఆ రోజుకు భర్త సమాధికి పలక పెట్టించాలని ఆమె పట్టుదల. నమూనాగా కాల్చిన పలక బల్ల మీద ఉంది. ముఖం మసకగా, మట్టి రంగులో ఉంది. కాల్చిన పలకను దిద్దడం కుదరదు.

"ఇది పెట్టెలో పండబెట్టినప్పటి మొగమక్కా," అంది లూర్దమ్మ. "ఆ మొగం నేను చూసినాను, చాలు. ఇంగ బతికుండే మొగం కావాల నాకు."

చార్టుల్లో తేడాలు కొలవడమే తప్ప, ఒక రంగు ఒక మనిషిని ఇంత బాధపెట్టగలదని నేను ఎప్పుడూ అనుకోలేదు.

అసలు ఫోటో అంతోని ఫోన్లో ఉండేది. ఆ ఫోన్ పాడైపోయింది. స్టూడియో ఆయన కాపీ చేసుకుని, మా సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ముఖం వరకు కత్తిరించి, అదే పేరుతో సేవ్ చేశాడు. ఇంకేమైనా మార్చారా అని నిలదీస్తే, రంగులు ఏమీ ముట్టుకోలేదన్నాడు. అదే మా అదృష్టం. సాఫ్ట్‌వేర్ ప్రొఫైల్‌ను పడేసింది గానీ అంకెలను మార్చలేదు. సరైన ప్రొఫైల్ మళ్లీ అంటిస్తే రంగులు తిరిగి వస్తాయి. కానీ ఏది సరైనది? ఆ ఫోటో ఎవరు, దేనితో తీశారని లూర్దమ్మను అడిగాను.

"తెలీదక్కా. కంపెనీ ఫంక్షన్లో ఎవురో తీసి ఆయప్పకు పంపినారంట. వాళ్లు యాడుండారో ఏమో."

సోమవారం ఫైలును నా గదికి తీసుకెళ్లాను. ఫోన్ల ప్రొఫైల్‌తో ఒకటి, కెమెరాల ప్రొఫైల్‌తో ఒకటి తయారుచేశాను. రెండూ చక్కగానే ఉన్నాయి. వాటిలో ఏది అంతోని అసలు రంగో ఏ పరికరమూ చెప్పలేదు. నేను ఆయన్ను ఎప్పుడూ చూడలేదు. ఆ గదిలో అంత నిస్సహాయంగా ఇంకెప్పుడూ అనిపించలేదు.

ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని లూర్దమ్మ ఇంటికి వెళ్లాను. మొదట కెమెరా ప్రొఫైల్‌ది చూపించాను. ఆమె తల అడ్డంగా ఊపింది. రెండోది తెర మీదికి రాగానే చేతిలో గ్లాసు కింద పెట్టేసింది.

"ఇదే. నలుపే గానీ ఎర్ర నలుపు ఆయప్పది. ఎండలో నుంచి వస్తే ఇట్లే ఉండేవాడు."

ఆమె ఏడ్చింది. నేను తెర మూయకుండా అలాగే కూర్చున్నాను. పలక పండగకు అందింది.

ఆఫీసులో ఆ ఫిర్యాదును ఒకటో తరగతికి మార్చమన్నాను. ఇలాంటివాళ్లు ఎందరుంటారని పెదవి విరిచారు. వాడేవాళ్లను ప్రశ్నలతో వేధించకూడదన్నారు. అంతోని ముఖం రెండు రకాలుగా తెర మీద పెట్టి, వీటిలో ఏది నిజమో మీరే చెప్పండి, మీరు చెప్పలేనిది మన సాఫ్ట్‌వేర్ ఎవరినీ అడక్కుండా ఎలా తేల్చేసింది అన్నాను. గొంతు పెరిగిందనుకుంటాను. రెండో తరగతి ఇచ్చారు. తర్వాతి వెర్షన్‌లో, ప్రొఫైల్ ఉంటే దాన్ని అలాగే ఉంచడం, లేకపోతే అడగడం అన్న రెండు మార్పులూ వచ్చాయి.

2024లో రిటైరయ్యాను. ఈ మధ్య ఇంట్లో మా అమ్మ ఫోటో ఒకటి ఆ సాఫ్ట్‌వేర్‌లోనే తెరిచాను. ఎప్పుడో స్కాన్ చేయించినది, దానికి ప్రొఫైల్ లేదు. నేను పోట్లాడి పెట్టించిన ప్రశ్నే వచ్చింది. ఒక జవాబుకు చీర వంగపండు రంగులో, ఇంకో జవాబుకు నేరేడు రంగులో కనిపించింది. అది ఏ రంగో నాకు గుర్తు లేదు. అడగడానికి మా ఇంట్లో ఇంకెవరూ మిగల్లేదు.

అంతోని ఫోటో నేర్పింది ఇంతే. ఉన్న ప్రొఫైల్‌ను ఫోటో నుంచి విడదీయకూడదు. లేనప్పుడు సాఫ్ట్‌వేర్ ఊహించకూడదు, అడగాలి. ఆ జవాబు తెలిసిన మనిషి ఉండగానే అడగాలి.